కామెడీ నటి అంటే పెళ్ళి, బరువు, బిగ్‌బాస్ తప్ప ఇంకేం లేదా?

రెండో_టేకు
టీవీ కామెడీ నటి ఎవరి గురించి వెతికినా అదే సరుకు. ఎవరితో తిరుగుతోంది, ఎన్ని కిలోలు తగ్గింది, బిగ్‌బాస్‌లో ఎన్ని వారాలుంది. ఆవిడ చేసే పనేంటో, ఎలా చేస్తుందో రాసినవాడు కనపడడు. ఇక్కడ షూటింగ్ ఫ్లోర్ సంగతులు తెలిసినవాళ్ళున్నారని అడుగుతున్నా. హైదరాబాద్‌లో ఒక అమ్మాయి టీవీ కామెడీలోకి ఎలా వస్తుంది? షూటింగ్ రోజు ఎలా ఉంటుంది? డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది? ఐదారేళ్ళకే చాలామంది ఎందుకు మాయమైపోతారు? గాసిప్ వద్దు. రెమ్యూనరేషన్ అంకెలు ఊహించి రాయొద్దు.

ఇరానీ_చాయ్
గాసిప్ వద్దంటే ఈ థ్రెడ్ రెండు పోస్టులకే చచ్చిపోతది.

కృష్ణానగర్_గల్లీ
చావది తియ్. దారి ముచ్చట నేను చెప్త. సినిమా, టీవీ వాళ్ళుండే కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ నడుమ రూము తీస్కుంటే పని అదే వస్తదనేది పాత లెక్క. ఇప్పుడు సగం ఆడిషన్ ఫోన్లనే అయితది. మూడు వీడియోలు రెడీగ ఉండాలె. ఒకటి పరిచయం, 30 సెకండ్లు: పేరు, ఎత్తు, ఏ యాస సొంతం, బండి నడపొస్తదా, డ్యాన్స్ వస్తదా. రెండోది ఒక్కతే చేసే కామెడీ, ఒక నిమిషం. మూడోది ఏడుపో కోపమో, అది గూడ నిమిషమే. ఉత్త కామెడీ చూసి సీరియల్ వాళ్ళు పిలవరు.

ఫోన్ అడ్డం పెట్టాలె. కిటికీ ముఖానికి ఎదురుంగ ఉండాలె, వీపు దిక్కు కాదు. ఫిల్టర్ పెట్టినవంటే ఆ వీడియో అక్కడికే ఖతం. అవతలి డైలాగు అందియ్యనీకి కెమెరా పక్కన ఒకర్ని నిలబెట్టుకో, వాళ్ళ గొంతు నీ గొంతు కంటే తక్కువ వినపడాలె.

ఆడిషన్‌కు, పోర్ట్‌ఫోలియోకు, యూనియన్ 'కార్డు'కు అని ముందుగాల పైసలడిగే కోఆర్డినేటర్‌ను (పని ఇప్పిస్తననే మధ్యవర్తి) బ్లాక్ చెయ్. పని అయి పేమెంట్ వచ్చినంక కమీషన్ ఇచ్చుడు వేరే ముచ్చట.

తెరవెనక_మనిషి
పైన చెప్పింది గుమ్మం దాకా. లోపల రెండు వేరు వేరు ఉద్యోగాలున్నాయి. సీరియల్ కామెడీ ఒకటి, స్కిట్ కామెడీ ఇంకొకటి. రెండూ ఒకటే అనుకుని వచ్చినవాళ్ళే మొదటి నెలలో దెబ్బతింటారు.

సీరియల్లో కాల్‌షీట్ మామూలుగా ఉదయం 9 నుంచి రాత్రి 9. మేకప్‌కి గంటన్నర ముందే చేరాలి. కెమెరా పక్క నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) డైలాగు అందిస్తుంటాడు, అదే ప్రాంప్టింగ్. విని, అర క్షణం ఆగి, చెప్పాలి. ఏడుపు సీన్‌కి ఆ అర క్షణం కలిసొస్తుంది, కామెడీని మాత్రం చంపేస్తుంది. అందుకే మంచి కామెడీ నటి తన సీన్ పేపరు ముందే అడిగి తీసుకుని, 'నాకు మొదటి మాట అందిస్తే చాలు' అని ఏడీతో ఒప్పందం చేసుకుంటుంది.

చీరలు, నగలు చాలా సీరియళ్ళలో ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఒక సీన్ ఇవాళ సగం, పది రోజులకు మిగతా సగం తీస్తారు. ప్రతి సీన్ అయ్యాక ముందూ వెనకా ఫోన్లో ఫొటో తీసి, సీన్ నంబరు రాసిపెట్టుకోవాలి. ఎన్ని గాజులు, బొట్టు సైజెంత, పిన్ను ఎడమ భుజానికా కుడికా అన్నీ అందులో ఉండాలి. గాజుల సంఖ్య తేడా వస్తే తిట్లు పడేది కాస్ట్యూమర్‌కి కాదు.

స్కిట్ అలా కాదు. పదీ పన్నెండు నిమిషాల నాటకం, స్టేజీ మీద, నాలుగైదు కెమెరాల ముందు ఏకబిగిన నడవాలి. ఒకే రోజు వరసగా చాలా స్కిట్లు తీస్తారు. మీ టీమ్ వంతు రాత్రి 11కి రావచ్చు. మేకప్ వేసుకుని ఎనిమిది గంటలు కూర్చుని, అప్పుడు ఎగిరి గంతేయాలి.

రెండో_టేకు
సరిగ్గా ఇదే కావాలి. ఆపొద్దు.

లాపెల్_మైకు
సౌండ్ వైపు నుంచి. స్కిట్లలో ఆడవాళ్ళ డైలాగే ఎక్కువసార్లు పాడవుతుంది, కారణం గొంతు కాదు, బట్టలు. లాపెల్ (బట్టలకి తగిలించే చిన్న మైకు) మీద పట్టు చీర రాసుకుంటే గరగర. హారం తగిలితే టకటక. ఛాతీ మీద కొట్టుకుని ఏడిచే కామెడీ అయితే చెప్పక్కర్లేదు, సౌండ్ పగిలిపోతుంది.

మైకు పైట మీద కాకుండా జాకెట్టు మెడ అంచుకి లోపలివైపు, మైక్రోపోర్ టేపుతో (గాయాల కట్టుకి వాడే కాగితం టేపు) అంటించాలి. కేబుల్‌ని మైకు కింద చిన్న చుట్టు చుట్టి అదే టేపుతో అంటిస్తే లాగినప్పుడు మైకు కదలదు. హారం పొడుగ్గా ఉండాలి లేదా అసలు ఉండకూడదు. సరిగ్గా మైకు ఎత్తులో వేలాడేది వద్దు. గాజు గాజుల బదులు ప్లాస్టిక్‌వి. గుండె బాదుకోవాలంటే మైకుకి నాలుగు వేళ్ళ కింద బాదుకోవాలి. ఇది రిహార్సల్‌లోనే చేతికి అలవాటు చేసుకోవాలి, స్టేజీ మీద గుర్తుండదు.

ఇరానీ_చాయ్
ఏడుపుకు గూడ కొలత పెట్టిండ్రు.

యాసల_మూట
తెరవెనక గారు టైమింగ్ గురించి చెప్పారు కానీ అసలు చిక్కు తెలుగు వాక్యంలోనే ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. నవ్వు పుట్టించే మాట మధ్యలో పడిపోతుంది, చివర్లో 'వెళ్ళింది', 'పిలిచింది', 'చేసింది' మిగులుతుంది. జనం నవ్వబోతుంటే ఆ క్రియ అడ్డొస్తుంది.

సాదాగా రాస్తే: 'నా పులుసు తిన్నాక మా అత్తగారు లాయర్ని పిలిపించింది.' నవ్వు రాదు. తిప్పి రాస్తే: 'నా పులుసు తిన్నాక మా అత్తగారు పిలిపించింది ఎవర్నో తెలుసా? డాక్టర్ని కాదు... లాయర్ని.' ఇప్పుడు ఆఖరి మాట లాయర్. అక్కడ ఆగాలి.

కొత్తవాళ్ళు ఆగరు. 'లాయర్ని అన్నమాట', 'లాయర్నండీ బాబూ' అని తోక తగిలిస్తారు. ఆ తోక మీదే నవ్వు మొదలై సగంలో చచ్చిపోతుంది. స్క్రిప్టు చేతికి రాగానే ప్రతి పంచ్‌లో ఆఖరి మాట కింద గీత గీసి, దాని తర్వాత ఉన్నదంతా కొట్టేయాలి. రచయిత ఊరుకోకపోతే స్టేజీ మీద మింగేయాలి.

లాపెల్_మైకు
@యాసల_మూట ఎడిటింగ్‌లో కూడా అదే గొడవ. పంచ్ తర్వాత ఒక సెకనున్నర ఖాళీ వదిలితే ఎడిటర్ అక్కడ జడ్జి నవ్వు షాట్ పెట్టుకోగలడు. ఖాళీ లేకుండా తర్వాతి డైలాగు ఎక్కించేస్తే ఆ పంచే ఎగిరిపోతుంది. 'నా జోకులన్నీ కట్ చేశారు' అనే ఫిర్యాదుల్లో సగం ఇదే.

పాత_రేడియో
సెకనున్నర ఆగడం కొత్తగా కనిపెట్టిందేం కాదు. సూర్యకాంతం గారిని చూడండి. కాకినాడ దగ్గర 1924లో పుట్టిన మనిషి, 1962లో గుండమ్మగా నిలిచిపోయారు. ముఖం వంకర్లు తిప్పి నవ్వించలేదు. ఎడమ చేయి తిప్పుతూ మాట విసిరి, అవతలివాడు తేరుకునేదాకా చూసేవారు. 'చంటబ్బాయ్'లో శ్రీలక్ష్మి అంతే. పత్రిక ఎడిటర్‌ని రాతలతో హింసించే పాత్ర, ఆ ముఖంలో 'నేను జోకు వేస్తున్నాను' అన్న ఛాయే ఉండదు. ఇప్పటి స్కిట్లలో డైలాగు చెప్పేవాళ్ళే ముందు నవ్వేస్తున్నారు.

జీడిపప్పు_కాదు
పెద్దాయనా, సినిమాలో పది టేకులుంటాయి, క్లోజప్ ఉంటుంది. స్టేజీ మీద మూడో వరసలో కూర్చున్నవాడికి కనుబొమ్మ కనపడుతుందా? పోలిక తప్పు.

పాత_రేడియో
మూడో వరస సంగతి వదిలెయ్యి, ఇంట్లో చూసేవాడికి క్లోజప్పే కదా చూపిస్తున్నారు. స్టేజీ మీద అరుస్తూ క్లోజప్‌లో దొరికిపోవడమే ఇప్పటి జబ్బు.

తెరవెనక_మనిషి
ఇద్దరూ రైటే. ఎర్ర లైటు వెలిగిన కెమెరా ఏదో ఓరకంట చూసుకుని, దూరం షాట్ (వైడ్) అయితే ఒళ్ళు, క్లోజప్ అయితే ముఖం వాడటం స్కిట్ నటి నేర్చుకోవాల్సిన మొదటి విద్య.

జీడిపప్పు_కాదు
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. 2013 ఫిబ్రవరిలో జబర్దస్త్ మొదలైనప్పుడు స్కిట్లలో భార్య, అత్త, మరదలు అన్నీ మగవాళ్ళే. యాంకర్, ఒక జడ్జి మాత్రం ఆడవాళ్ళు. ఉద్యోగమే లేని చోట కెరీర్ గురించి ఏం మాట్లాడతాం?

పాత_రేడియో
మగవాళ్ళు ఆడవేషం కట్టడం మన సంప్రదాయమే కదా. స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ సంగతి చెప్పాలా?

యాసల_మూట
సగం సంప్రదాయమే చెబితే ఎలా? సురభి నాటక సమాజం వాళ్ళు 1885లో కడప జిల్లాలో మొదలుపెట్టి, ఆడవేషాలు తమ ఇంటి ఆడవాళ్ళ చేతే వేయించారు. ఆ కుటుంబాలు ఇప్పటికీ హైదరాబాద్‌లో ఆడుతున్నాయి. పైగా స్థానం వారు సత్యభామ అందాన్ని చూపించారు. స్కిట్ లేడీ గెటప్ చేసేది ఎక్కువగా ఆడదాన్ని కొట్టడానికి, బరువు మీద జోకు వేయడానికి వీలైన బొమ్మని నిలబెట్టడం. నిజం ఆడమనిషిని తంతే జనం ముఖం చిట్లిస్తారు, గెటప్‌ని తంతే నవ్వుతారు. అదీ లెక్క.

కృష్ణానగర్_గల్లీ
గిది కరెక్టే గని ఇంకో కారణం గూడ ఉంది. రాత్రి రెండింటిదాంక రిహార్సల్, ఒకటే రూముల పది మంది మగపోరగాండ్లు. టీమ్ లీడర్‌కు ఆడపిల్లను తీస్కుంటే వేరే రూము, ఇంటికి బండి పెట్టాలె. గెటప్ అయితే ఖర్చు లేదు. తర్వాత సత్యశ్రీ, రోహిణి, ఫైమా, వర్ష అసొంటోళ్ళు వచ్చి నిలబడ్డంక ఆ సాకు చెల్లలె.

జీడిపప్పు_కాదు
వచ్చాక ఏం రాశారు వాళ్ళకి? లావు, నలుపు, పొట్టి. ఒకే జోకు, మనిషి మారుతుంది.

యాసల_మూట
అందుకే యాస పెట్టుబడి. శరీరం మీద జోకు రెండేళ్ళకి పాతబడుతుంది, యాస పాతబడదు. తెలంగాణ శకుంతల గారి మాతృభాష మరాఠీ. 'ఒసేయ్ రాములమ్మ'లో తెలంగాణ యాస, 'ఒక్కడు'లో రాయలసీమ యాస. రెండూ నేర్చుకున్నవే, ఏదీ అరువుగా అనిపించదు. రోహిణి కూడా 'కొంచెం ఇష్టం కొంచెం కష్టం' సీరియల్లో సీమ యాసతోనే జనం నోట్లో పడింది. అక్కడి నుంచి స్కిట్లు, 2019లోనూ 2024లోనూ బిగ్‌బాస్, 2023లో 'సేవ్ ద టైగర్స్' వెబ్ సిరీస్‌లో పనిమనిషి పాత్ర. చివరిది చూడండి, నవ్వు లావు మీద రాదు, ఆ మనిషి లెక్కలేనితనం మీద వస్తుంది.

యాస నేర్చుకోవడం అంటే చివర 'ర్రా', 'బే' తగిలించడం కాదు. ఒక్క జిల్లా ఎంచుకోవాలి. ఆ ఊరి మనిషితో అరగంట మాట్లాడించి రికార్డు చేసుకుని, ముందు క్రియలు పట్టుకోవాలి: వస్తాండా, వత్తన్నా, వస్తున్న, వత్తాన. తర్వాత మాట ఎక్కడ సాగుతుందో పట్టుకోవాలి. తిట్లు ఆఖరున. అందరూ తిట్లతో మొదలుపెడతారు, అక్కడే దొరికిపోతారు.

రెండో_టేకు
సీరియల్ హీరోయిన్లు చాలామంది కన్నడం వాళ్ళు, డబ్బింగ్‌తో నడిపిస్తారు కదా. కామెడీకి అది కుదరదా?

లాపెల్_మైకు
హీరోయిన్‌కి కుదురుతుంది, కామెడీకి కష్టం. పెదాలు కలపడం చేతనవుతుంది, ఊపిరి కలపడం అవ్వదు. నవ్వు ఊపిరిలో ఉంటుంది. అందుకే తెలుగు గొంతు ఉన్న అమ్మాయికి ఈ పక్కన ఇంకా పని ఉంది. అదే గొంతుతో డబ్బింగ్ కూడా చేసుకోవచ్చు. 'అమృతం'లో సంజీవినిగా చేసిన ఝాన్సీ గారిని చూడండి. యాంకరింగ్, డబ్బింగ్, నటన మూడూ నడిపారు. ఒకటి ఆగితే ఇంకోటి ఉంది.

గొంతు కాపాడుకోవడం గురించి ఒక ముక్క. అరుపు స్కిట్ అయిన మర్నాడు గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు. గుసగుస కూడా గొంతుని రాపిడి చేస్తుంది. నోరు మూసుకోవాలి, అంతే. మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే మిరియాల పాలు మానేసి ఈఎన్‌టీ దగ్గరికి.

పట్టీ_కట్టు
పడే కామెడీ గురించి ఎవరూ రాయలేదు. స్టేజీ ఫ్లోర్ నున్నగా మెరుస్తుంటుంది, మీద కాగితం ముక్కలు, స్ప్రే నురగ. పడేటప్పుడు భయంతో అరచేయి ఆనిస్తారు, మణికట్టు పోతుంది. మోకాళ్ళ మీద పడినా అంతే. ముందు ఒక మోకాలు వంచి కిందికి దిగి, తొడ పక్క కండ, పిర్ర, ఆ తర్వాత భుజం వెనక భాగం, ఈ వరసలో నేలకి తగలాలి. గడ్డం ఛాతీకి ఆనించి ఉంచితే తల తగలదు. చప్పుడు కావాలంటే ఖాళీ చేయి చాచి నేలని చరచాలి. నొప్పి లేదు, మోత మాత్రం హాలంతా వినపడుతుంది. చీర కింద వాలీబాల్ ఆడేవాళ్ళ మోకాలి ప్యాడ్లు ఎవరికీ కనపడవు.

చెంపదెబ్బ: ఇద్దరి మధ్య చేయి చాచినా ముఖానికి అందనంత దూరం. చేయి ముఖం ముందు నుంచి పోవాలి, ముఖానికి తగలకూడదు. దెబ్బ తిన్నవాళ్ళే కడుపు దగ్గర చప్పట్లు కొట్టి తల తిప్పాలి. కెమెరా కొట్టేవాడి వీపు వైపు ఉంటేనే ఇది పనిచేస్తుంది, పక్కనుంటే ఖాళీ కనపడిపోతుంది. 'నిజంగా కొట్టు పర్లేదు, బాగా వస్తుంది' అనే అవతలి నటుడికి వద్దని చెప్పే హక్కు మీకుంది. చెవి మీద పడితే కర్ణభేరి చిరుగుతుంది.

ఇరానీ_చాయ్
మా ఇంట్ల గూడ ఈ టెక్నిక్ పనికొస్తది. తినేటోన్ని నేనే.

లెక్కల_రావు
డబ్బు గురించి. ఎపిసోడ్ ప్రసారం అయ్యాక రెండు మూడు నెలలకి చెక్కు రావడం ఈ రంగంలో మామూలు. అంటే పని మొదలైన రోజు నుంచి నాలుగు నెలల ఇంటద్దె, కాస్ట్యూమ్ ఖర్చు చేతిలో ఉండాలి. లేకపోతే మూడో నెలలో ఏ అడ్డమైన ఈవెంట్‌కైనా ఒప్పుకోవాల్సి వస్తుంది.

వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (చేతికిచ్చే ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20. కోసింది పోయినట్టు కాదు, పన్ను శాఖ దగ్గర మీ పాన్ లెక్కలో కనపడుతుంది, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువుంటే వెనక్కొస్తుంది. చిన్న ఆర్టిస్టులు రిటర్న్ వేయకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తారు. చీరలు, మేకప్, రాకపోకల బిల్లులు ఒక కవర్లో వేసుకుంటూ పోవాలి. ఏడాదికి మొత్తం రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. ఈవెంట్ డబ్బు కూడా అందులోకే వస్తుంది.

అగ్రిమెంట్‌లో చూడాల్సినవి: ఇంకో ఛానెల్లో కనపడకూడదనే షరతు ఎన్ని నెలలు, ఆ నెలల్లో కనీసం ఎన్ని రోజులు పని ఇస్తామని వాళ్ళు రాశారా? మొదటిది ఉండి రెండోది లేకపోతే ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టి కట్టేసినట్టే. యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా ఏళ్ళ తరబడి తిరిగే స్కిట్‌కి నటికి సాధారణంగా ఏమీ రాదు. నటుల ప్రదర్శన హక్కు, దాన్ని వ్యాపారంగా వాడుకుంటే రాయల్టీ అనే మాట 2012 కాపీరైట్ సవరణలో ఉంది, కానీ 'సమస్త హక్కులు' అన్న లైను కింద సంతకం పెట్టించుకుంటారు.

కృష్ణానగర్_గల్లీ
గీ పోస్టు ప్రింటు తీసి ఇందిరానగర్ గడ్డ మీద అతికియ్యాలె. కామెడీ నటి కల్పనా రాయ్ గారు వందల సినిమాలు చేసి, 2008ల గదే ఇందిరానగర్‌ల చేతిల పైసలు లేకుంట పోయిండ్రు.

సంద్రం_దాటి
అమెరికా ఈవెంట్ల మాటా చెప్పండి. అక్కడి తెలుగు సంఘాల్లో తానా మహాసభలు బేసి సంవత్సరాల్లో, ఆటావి సరి సంవత్సరాల్లో. ఆ వేసవుల్లో స్కిట్ టీములకి పిలుపులొస్తాయి. విజిటర్ వీసా మీద వెళ్ళి స్టేజీ మీద డబ్బు తీసుకుని ఆడటం కుదరదు. పీ-3 లాంటి కళాకారుల వీసా పిలిచే సంస్థే వేయించాలి. 'ముందు టూరిస్టుగా వచ్చేయండి, ఇక్కడ చూసుకుందాం' అన్నారంటే రేపు ఎయిర్‌పోర్టులో మాట్లాడాల్సింది వాళ్ళు కాదు, మీరు.

రెండో_టేకు
అయితే మాయమైపోవడానికి పెళ్ళి కారణం కాదంటారు?

తెరవెనక_మనిషి
కొందరికి అవును. ఎక్కువమందికి కారణం టీమ్ విడిపోవడం. లీడర్ ఇంకో ఛానెల్‌కి వెళ్తే వెనక ఉన్న 'భార్య' పాత్రకి కొత్త లీడర్ తన మనిషిని తెచ్చుకుంటాడు. ఆవిడకంటూ ఒక క్యారెక్టర్ లేకపోతే అక్కడితో సరి. నిలబడ్డవాళ్ళని గమనించండి, వాళ్ళకి లీడర్ ఎవరైనా తమ వెంట తీసుకెళ్ళగలిగే మనిషి ఒకరున్నారు. ఒక పేరు, ఒక నడక, ఒక ఊతపదం, ఒక యాస. నెలకి రెండు పేజీలు తన పాత్రకి తనే రాసుకునే నటికి పని పోవడం అరుదు, ఎందుకంటే లీడర్‌కి రాసే బాధ తగ్గుతుంది.

జీడిపప్పు_కాదు
రాసుకుంటే క్రెడిట్ ఇస్తారా?

తెరవెనక_మనిషి
ఇవ్వరు. అందుకే రాసింది వాట్సాప్‌లో కాకుండా తన మెయిల్ నుంచి పంపాలి. తేదీ ఉంటుంది.

పట్టీ_కట్టు
రాత్రి షూటింగుల గురించి ఎవరైనా చదివితే పనికొస్తుంది. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులను ఆపే 2013 పోష్ చట్టం దినకూలికీ, కాంట్రాక్టు ఆర్టిస్టుకీ కూడా వర్తిస్తుంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే జిల్లా స్థానిక కమిటీ. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. కంపెనీ పెట్టిన బండిలో జరిగినా పనిచేసే చోట జరిగినట్టే లెక్క.

కొత్త_పిల్ల_02
మొత్తం చదివాను, థాంక్స్ అందరికీ. లాపెల్ గారూ, ఒక్క డౌటు. గర్భిణి వేషానికి పొట్ట ప్యాడ్ కడితే మైకు ట్రాన్స్‌మిటర్ (బ్యాటరీ ఉండే డబ్బా) ఎక్కడ పెట్టాలి? నడుముకి పెడితే ప్యాడ్ జారుతోంది.

లాపెల్_మైకు
ప్యాడ్‌ని నాడాతో నడుముకి కట్టడమే తప్పు. చెమటకి స్పాంజి బరువెక్కి మూడో నిమిషంలో మోకాళ్ళ దాకా దిగుతుంది. బిగుతైన కాటన్ బనియన్‌కి లోపలివైపు కుట్టించండి, మధ్యలో స్పాంజి, చుట్టూ దూది. బనియన్‌ని లంగాలోకి దోపి పిన్ను పెట్టండి, అప్పుడు బరువు భుజాల మీద పడుతుంది. ట్రాన్స్‌మిటర్ నడుముకి వద్దు, వెనక్కి పడే సీనుంటే వెన్నుకి గుచ్చుకుంటుంది. తొడకి ఎలాస్టిక్ బెల్టు, లేదా అదే బనియన్‌కి చంక కింద జేబు. జేబులో పెట్టే ముందు ట్రాన్స్‌మిటర్‌ని చిన్న ప్లాస్టిక్ కవర్లో చుట్టండి, చెమట లోపలికి పోతే సౌండ్ కట్ అవుతుంది. కొత్త బ్యాటరీలు స్కిట్‌కి ముందు వేయించుకోండి. రాత్రి 11కి మీ వంతు వచ్చేసరికి పొద్దున వేసినవి ఉండవు.

ఇరానీ_చాయ్
రెండు పోస్టులకు చస్తదనుకున్న థ్రెడ్ బ్యాటరీ ఇంక ఉంది.

కొత్త_పిల్ల_02
చంక కింద జేబు కుట్టించేస్తా. కుడి వైపా ఎడమ వైపా?

లాపెల్_మైకు
కెమెరాలకి మీరు ఎక్కువ చూపించని వైపు. ఎడమ వైపే పెట్టండి, పైట అటే వస్తుంది, ఉబ్బు కనపడదు.